గబ్బిలమునకు చెప్పుకొన్నవాడు

యాదగిరిగుట్ట క్రింద బస్సు దిగిన క్రైస్తవుడు సాధారణముగా తల వంచుకొని తన పనిమీద పోవును. కొండమీద లక్ష్మీనరసింహస్వామి ఆలయము నల్లరాతితో తిరిగి కట్టబడి, 2022 మార్చి 28న తెరువబడినది. ఆ కొండ నెక్కువారి విశ్వాసమునకు తీర్పు తీర్చుట నా పని కాదు. అయితే ఆ గోపురమును చూచినప్పుడెల్ల నాకొక పుస్తకము జ్ఞాపకము వచ్చును. ఆ పుస్తకమును మనము, అనగా క్రైస్తవులము, సరిగా చదువలేదని నా అభియోగము.

అది గుఱ్ఱము జాషువ 1941లో వెలువరించిన ‘గబ్బిలము’. మన పత్రికలు ఆ కవిని పొగడునప్పుడు, 1964లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిన ‘క్రీస్తుచరిత్ర’ను ముందు పెట్టుట వాడుక. పేరులోనే క్రీస్తు ఉన్నాడు గదా! నాకు మాత్రము ఆ ప్రభువు ‘గబ్బిలము’లోనే మరింత దగ్గరగా కనబడును. కాళిదాసు మేఘసందేశపు దారి నెరిగిన కవి, యక్షుడుండవలసిన చోట అంటరానివాడని త్రోసివేయబడిన పేదవానిని నిలిపెను. మేఘమునకు మారుగా ఆ పేదవాని గుడిసెలోనికి వచ్చిన గబ్బిలము. వర్తమానము ప్రియురాలికి కాదు, శివునికి. గుడిలో మనుష్యునికి చోటు లేదు, గబ్బిలమునకు కలదు. కవి ఈ మాట చెప్పుటకు కేకలు వేయలేదు. అందుచేతనే అది గుండెలో దిగును.

ఒక చోట నాకు విసుగు కలిగినమాట దాచను. పక్షిని శివుని యొద్దకు పంపుచు, దారిలోని పూర్వవైభవ స్థలములన్నియు చూచిపొమ్మనుటలో కవి చాల పద్యములు వెచ్చించును. ఆకలిగొన్నవాడు ఇంత చరిత్ర చెప్పునా యని మొదట తప్పు పట్టితిని. రెండవమారు చదివినప్పుడు తప్పు నాదేయని తోచినది. గుడి గడప తొక్కనీయబడనివాడు ఆ రాజులను, ఆ కోటలను, ఆ శిల్పులను తనవారిగా లెక్కించుకొనుచున్నాడు. దేశములో తన పాలు అడుగుటకు అతనికి వేరొక దస్తావేజు లేదు.

ఇట్టి కావ్యమును మన సభలలో ఎట్లు వాడుచున్నాము? చూడుడి, పొరుగువారి మతము ఇట్టిది యని వేలు చూపుటకు! రాజ్యాంగపు 17వ అధికరణము 1950 నుండి అంటరానితనమును నిషేధించుచున్నది. చట్టమునకు లొంగని ఊళ్లు ఇంకను ఉన్నవి, నిజమే. కాని మన యింటి మాట? ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలు పుచ్చుకొన్న కుటుంబములు, పెండ్లి మాట రాగానే బాప్తిస్మమునకు ముందున్న పేరు వెదకుకొనుట మీరు చూడలేదా? మాల సంఘము, మాదిగ సంఘము అను మాటలు మన నోట ఎంత సులువుగా వచ్చును! బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి కుర్చీ వేసి, మాసిన బట్టలవానిని దూరముగా నిలువబెట్టిన సంఘమును యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో గద్దించెను. ఆ గద్దింపు గుడిని గూర్చినది కాదు, సంఘమును గూర్చినది.

ఒక సాయంకాలపు కూటములో నేనీ కావ్యము చదివి వినిపించి, అర్థము చెప్పితిని. అందరు బాగున్నదనిరి. వెనుక వరుసలో నున్న ముసలమ్మ ఒకతె మాత్రము, “సారూ, ఆయనకు మనుషులెవ్వలు దొరకలేదా? గబ్బిలానికి చెప్పుకున్నడు” అని అడిగెను. అది సందేశకావ్యములకు సంప్రదాయమమ్మా, కాళిదాసు మేఘముతో చెప్పించలేదా యని జవాబిచ్చితిని. జవాబు తప్పు కాదు. అయినను తప్పించుకొనుటయే. నేను పద్యములు లెక్కించుచుండగా, వినగల మనుష్యుని కొరకు ఆమె వెదకెను.

అట్టి మనుష్యుడు ఎన్నడును లేకపోలేదు. గుట్ట ఉన్న యీ జిల్లాలోనే పోచంపల్లి యున్నది. 1951 ఏప్రిల్ 18న అక్కడి దళిత కుటుంబములవారు వినోబా భావేతో తమకు 80 ఎకరములు కావలెనని చెప్పుకొనిరి. ఈ ఊరివారిలో ఎవరైన ఇయ్యగలరా యని ఆయన అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరము లిచ్చెదననెను. తెలంగాణ సాయుధ పోరాటపు భయము ఆ దానములో కొంత లేకపోలేదను వారు కలరు. ఉండనిండు. అడిగినవారు ముఖాముఖి అడిగిరి, విన్నవాడు కూర్చున్నచోటనుండి లేచెను. ఆయన మన సంఘపువాడు కాడు. మార్గమున పడియున్నవానిని చూచి ఆగిన సమరయుడు కూడ యాజకుడు కాడు గదా.

మరుసటి ఆదివారము ఆ ముసలమ్మ ఆరాధనకు వచ్చినది. వెనుక తలుపు ప్రక్కన, నేలమీద ఎప్పటి చోటనే కూర్చున్నది. ముందు వరుసలో నా ప్రక్క కుర్చీ ఖాళీగా ఉండెను. ఆరాధన ముగియువరకు అది ఖాళీగానే ఉండెను.