ఆ పాప ఏమాడుకుంటాది?

ఈ మధ్య నంద్యాల జిల్లా బేతంచెర్లలో ఒక బడి వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. బహుమతులివ్వడం, నాలుగు మాటలు చెప్పడం నా పని. పరుగు పందెం, కబడ్డీ, క్రికెట్ మగపిల్లలకు. ముగ్గులు, పాటలు, కుర్చీలాట ఆడపిల్లలకు. గెలిచిన అబ్బాయికి బ్యాటు, అమ్మాయికి స్టీలు డబ్బా. ఏ అనుమానమూ లేకుండా పంచిపెట్టాను. సభ అయిపోయాక పదో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో నా పాత కథ వుంది. కరువు సంవత్సరంలో తండ్రి మేకనమ్మి కొడుక్కి బ్యాటు కొనితెచ్చే కథ.

"సార్, నాయన అన్నకు బ్యాటు తెచ్చినాడు, సరే. ఆ పాప ఏమాడుకుంటాది?" అని అడిగింది.

కథలో పాప వుంది. రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకచోట కడవతో నీళ్లు తెస్తుంది. చివర అన్న ఆట చూసి చప్పట్లు కొడుతుంది. ఆ కథను మెచ్చుకున్న విమర్శకులు గానీ, గోష్ఠుల్లో చర్చించిన మిత్రులు గానీ ఈ ప్రశ్న వేయలేదు. రాసిన నేనూ వేసుకోలేదు. తండ్రి పేదరికాన్ని వాస్తవికంగా చిత్రించానన్న తృప్తిలో, ఆ పేదరికంలో కూడా కూతురి వాటా కొడుకు వాటాకన్నా తక్కువన్న వాస్తవం నా కంటపడలేదు. ఆ అమ్మాయికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

"ఆడపిల్లలకు అవే ఇష్టం" అంటారు. పిల్లల ఇష్టం గాలిలోంచి పుట్టదు. మన ఆటల్నే చూడండి. గచ్చకాయలు, వామనగుంటలు, తొక్కుడుబిళ్ల అరుగు మీదో వాకిట్లోనో సాగుతాయి. అమ్మ పిలిస్తే సగంలో వదిలేసి లేవొచ్చు. తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకొని కూడా గచ్చకాయలాడొచ్చు. గోలీలు, బొంగరాలు, బిళ్లంగోడు, చెడుగుడు అట్లా కాదు. వాటికి వీధి కావాలి, బీడు కావాలి, సాయంత్రమంతా కావాలి. తేడా నైపుణ్యంలో లేదు. గచ్చకాయలాడే పిల్ల కంటికీ చేతికీ వుండే పొందిక ఏ వికెట్ కీపరుకూ తీసిపోదు. తేడా స్థలంలో, కాలంలో వుంది. ఇంటిపని ఎవరిదో ముందే నిర్ణయమైపోయింది. ఆ పనికి అడ్డురాని ఆటే ఆడపిల్ల ఆట అయింది. మనం ఇష్టమంటున్నది చాలావరకు శ్రమ విభజనకు పెట్టుకున్న ముద్దుపేరు.

రెండో వాదన సుకుమారం. బేతంచెర్ల అనగానే గుర్తొచ్చేది రాయి. ఇక్కడి బండలు ఎన్నో వూళ్లలో ఇళ్లకు నేలలయ్యాయి. బండల పనిలో ఆడకూలీలూ వున్నారు. ఈ సీమలో బుడ్డలు పెరికేదీ, పత్తి తీసేదీ, నీళ్లు మోసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల నడుము సుకుమారమని ఏ మేస్త్రీ బరువు తగ్గించడు. ఆ తల్లి కూతురు ఇనుప గుండు విసురుతానంటే మాత్రం "ఆడపిల్ల ఒళ్లు తట్టుకోదు" అంటారు. కూలికి తట్టుకునే ఒళ్లు ఆటకెందుకు తట్టుకోదు? ఇతరుల కోసం ఖర్చయ్యే స్త్రీ బలానికి సమాజం అడ్డు చెప్పదు. ఆమె తన ఆనందం కోసం ఖర్చు చేసుకునే బలానికే అడ్డు చెబుతుంది.

ఇది మన పల్లెల వెనుకబాటుతనమని సరిపెట్టుకోవడానికి లేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ పరుగు 1984 దాకా లేదు. బాక్సింగ్ 2012లో గానీ రాలేదు. ఆడవాళ్లు బరువులెత్తే పోటీ మొదలైంది 2000లో, సిడ్నీలో. ఆ మొదటిసారే శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. బలం ఆ ఏడు పుట్టుకొచ్చింది కాదు. తలుపు ఆ ఏడు తీశారు.

మగపిల్లల మీదా ఈ పెత్తనం వుంది. నాట్యం నేర్చుకుంటానన్న కుర్రవాణ్ణి "ఆడంగి" అని వెక్కిరించేవాళ్లు కూచిపూడి చరిత్ర చూడాలి. ఆ భాగవత మేళాల్లో తరతరాలుగా ఆడింది మగవాళ్లే. సత్యభామ వేషంతో వేదాంతం సత్యనారాయణశర్మ దేశమంతా పేరు పొందాడు. ఆ కట్టుబాటు కూడా స్త్రీని బయట నిలబెట్టినదేనని మరవకూడదు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాడు. ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో నేర్చుకోసాగారు. కొన్ని దశాబ్దాలు తిరిగేసరికి మగవాళ్ల విద్య ఆడపిల్లల సరదాగా లెక్కకొచ్చింది. విద్య అదే, దాని మీది ముద్ర మారింది.

గురజాడకు ఈ సంగతి తెలుసు. 'కన్యాశుల్కం'లో కరటకశాస్త్రి శిష్యుడు ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్లికూతురవుతాడు. మనం నవ్వి వూరుకుంటాం. కానీ చీర, నడక, మాట తీరు నేర్చుకుంటే వచ్చేవని ఆ వేషం రుజువు చేస్తోంది. ఆడతనమంతా పుట్టుకతోనే వచ్చేదైతే లుబ్ధావధాన్లు మోసపోయేవాడు కాదు.

ఇక నేటి మన రాతల సంగతి. ఆదోని నుంచి అంజలి శర్వాణి 2022లో భారత క్రికెట్ జట్టులోకి వచ్చింది. 2025 నవంబరులో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో కడప జిల్లా శ్రీచరణి వుంది. ఇలాంటి విజయాల మీద వచ్చే ప్రశంసల్లో "ఆడపిల్ల అయినా" అనే మాట తరచు వినిపిస్తుంది. ఆ "అయినా"లో పాత తీర్పు చెక్కుచెదరకుండా వుంది. కథల్లోనూ అంతే. ధైర్యమున్న పిల్లను "మగరాయుడు" అని మెచ్చుకుంటాం. ఆమె గుణాన్ని కూడా మగవాడి ఖాతాలో జమకడతాం.

"తాగునీళ్లకే గతిలేని సీమలో ఆటల గొడవేమిటి?" అని మిత్రులు అడగవచ్చు. నిజానికి ఆ ప్రశ్నలోనే జవాబుంది. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ వంటివారు మనకు కరువును చూడడం నేర్పారు. కరువు కుటుంబంలో అందరి మీదా సమానంగా పడదు. బావి ఎండితే దూరం నడిచేది పాప. ఆ నడకలో ముందు పోయేది ఆమె ఆట, తర్వాత ఆమె బడి. ఆ సంగతి చెప్పని కరువు కథ సగం కథే. నాది అట్లాంటి సగం కథ.

దాన్ని మళ్లీ రాస్తే బ్యాటు పాప చేతిలో పెట్టి ముగించను. అది సులువైన పరిష్కారం. బ్యాటు ఇచ్చినా, సాయంత్రం నీళ్లకు పోవలసింది ఆమే అయితే ఆ బ్యాటు మూలనే వుంటుంది. కాబట్టి కొత్త కథ కడవ దగ్గర మొదలు కావాలి. ఒక పూట అన్న ఆ కడవ ఎత్తుకోవాలి. వీధిలో నలుగురు నవ్వినా దించకూడదు. ఆ పూట పాప ఏమాడుకుంటుందో నేను ముందుగా నిర్ణయించను. గచ్చకాయలే ఆడుకోనీ, బంతే విసరనీ. మొదట ఆమెకు ఒక సాయంత్రం దొరకాలి.