చెవిలో దిగిన కత్తి

పొద్దున్న ఫలహారం వేళ. లండన్‌లో పేపర్లూ సిగరెట్లూ అమ్ముకునే ఒక చిన్న కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. బల్ల దగ్గర తండ్రి, తల్లి, కూతురు ఆలిస్. రాత్రంతా వీధుల వెంట తిరిగి తిరిగి ఆ పిల్ల తెల్లవారాక చప్పుడు కాకుండా గదిలో దూరింది. తనని చెరచబోయిన చిత్రకారుణ్ణి రొట్టె కోసే కత్తితో పొడిచి వచ్చిందని ఇంట్లో ఎవరికీ తెలియదు. గుమ్మంలో నిలబడి పక్కింటావిడ ఆ హత్య గురించే ఒకటే ఊదరగొడుతోంది. ఇటుక పెట్టి నెత్తిన మొత్తినా ఏదో అనుకోవచ్చు గానీ కత్తితో పొడవడమేమిటని ఆవిడ బాధ. ‘నైఫ్’ అంటుంది. మళ్ళీ ‘నైఫ్’ అంటుంది. కెమెరా ఆలిస్ ముఖం మీదికి వచ్చి నిలిచిపోతుంది. ఆవిడ మాటలు మెల్లగా అలుక్కుపోయి ఉత్త గొణుగుడైపోతాయి. ఆ గొణుగుడులో ‘నైఫ్’ ఒక్కటే తేటగా, మాటిమాటికీ వచ్చి తగులుతుంది. రొట్టె కోసిపెట్టమంటాడు తండ్రి. ఆలిస్ చెయ్యి కత్తి మీదికి పోతుంది. సరిగ్గా అప్పుడు ఆఖరి ‘నైఫ్’ కేకలా వచ్చి పడుతుంది. చేతిలో కత్తి ఎగిరి అవతల పడుతుంది.

ఇది 1929లో తీసిన సీను. సినిమా పేరు ‘బ్లాక్‌మెయిల్’. దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్, అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. ‘ఆలం ఆరా’ రావడానికి ఇంకా రెండేళ్ళుంది, మన దేశంలో టాకీ అన్నదే లేదు. బ్రిటన్‌లో ఇదే మొదటి పూర్తి నిడివి టాకీ అని చాలామంది చెబుతారు. మొదటిదో రెండోదో నాకు ముఖ్యం కాదు. బ్రిటిష్ సినిమాకి గొంతు వచ్చిన ఏడాదే, ఆ గొంతుని ఎక్కడ నొక్కిపెట్టాలో ఒకడికి తెలిసిపోయింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

కథ చార్ల్స్ బెన్నెట్ నాటకం. తీసింది లండన్ దగ్గర ఎల్‌స్ట్రీ స్టూడియోలో, కెమెరా జాక్ కాక్స్. మూకీగానే మొదలైంది. మధ్యలో శబ్దం వచ్చిపడింది. చివరి రీలుకు మాటలుంటే చాలని నిర్మాతలు అన్నారనీ, తాను మాత్రం ముందునుంచే మొత్తం టాకీ అవుతుందని ఊహించి ఆ లెక్కలోనే తీసుకుంటూ వచ్చాననీ హిచ్‌కాక్ తర్వాత చెప్పుకున్నాడు. అలా ఒకే కథకి టాకీ ఒకటి, మూకీ ఒకటి మిగిలాయి.

ఇక కథానాయిక ఆనీ ఓండ్రా సంగతి. ముఖంలో ఎంత భయం, ఎంత పసితనం! కానీ ఆమెది చెక్ యాస. లండన్ కొట్టువాడి కూతురు ఆ యాసలో మాట్లాడితే ఎవరు నమ్ముతారు? తర్వాత డబ్బింగ్ చెప్పిద్దామంటే ఆ పద్ధతి అప్పటికి చేతికి రాలేదు. అందుకని జోన్ బారీ అనే ఇంగ్లీషు నటిని కెమెరా కంటికి అందని చోట మైకు దగ్గర నిలబెట్టారు. ఇక్కడ ఓండ్రా పెదవులు కదుపుతుంది, అక్కడ బారీ మాట పలుకుతుంది, రెండూ అదే క్షణంలో, అదే టేకులో. కెమెరా చప్పుడు మైకుకి వినపడకుండా దాన్నీ కెమెరామన్‌నీ కలిపి ఒక మూసేసిన గదిలో పెట్టేవారు. ఆ ఇరుకులో, ఆ ఉక్కలో, ఒకరి ఊపిరికి ఇంకొకరు పెదవి కలపడం ఎంత కష్టమో ఎవరైనా నటుణ్ణి అడిగి చూడండి. తెర మీద జోన్ బారీ పేరు వెయ్యలేదు. ఆమెకి జరిగిన ఈ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

హత్య జరిగే తీరు చూడండి. మంచం చుట్టూ తెర. తెర వెనక పెనుగులాట. మనకి కనిపించేది తెర కదలడమే. తెర పక్కనుంచి ఆలిస్ చెయ్యి బయటికి వచ్చి గాలిలో తడుముకుంటుంది. పక్కనే బల్ల, దాని మీద రొట్టె, రొట్టె పక్కన కత్తి. వేళ్ళు కత్తిని పట్టుకుని లోపలికి పోతాయి. తెర ఊగుతుంది, తర్వాత ఊగడం మానేస్తుంది. చిత్రకారుడి చెయ్యి ఒకటి బయటికి జారి వేలాడుతుంది. నెత్తురు బొట్టు కనిపించదు, పోటు కనిపించదు. ఆయనే తీసిన ‘సైకో’లో స్నానాల గది సీనుని జనం నోరు తెరుచుకుని పొగుడుతారు. పొగడవలసిందే. కానీ ఆ తెర, ఆ కత్తి 31 ఏళ్ళ ముందే ఎల్‌స్ట్రీలో పుట్టాయని ఎందరు చెబుతారు?

ఆ తర్వాత వచ్చే కట్ ఇంకా గొప్పది. వీధుల్లో మతిలేనట్టు తిరుగుతున్న ఆలిస్‌కి ఒక బిచ్చగాడి చాచిన చెయ్యి కనిపిస్తుంది. అచ్చం ఆ చచ్చిన చెయ్యే. ఆలిస్ నోరు తెరుస్తుంది, కేక వినిపిస్తుంది, కానీ తెర మీద అప్పటికే శవాన్ని చూసి అరుస్తున్న ఇంటి యజమానురాలు ఉంటుంది. ఒక ఆడదాని నోట మొదలైన కేక ఇంకో ఆడదాని నోట ముగుస్తుంది. వీధిలో నియాన్ దీపాల ప్రకటన ఒకటి. పానీయం కలిపే గిన్నెని ఊపుతున్న చెయ్యి ఆమె కళ్ళకి కత్తితో పొడిచే చెయ్యిగా మారిపోతుంది. కొట్టు తలుపు గంట కూడా గుర్తుపెట్టుకోండి. మామూలు గంటే, ఆ పొద్దున్న మాత్రం గుండెలో మోగినంతసేపు మోగుతుంది.

చివర్లో బ్రిటిష్ మ్యూజియంలో వెంటాడే ఘట్టం. పోలీసులు తరుముతుంటే, ఆలిస్ గుట్టు తెలిసిన బ్లాక్‌మెయిలర్ ట్రేసీ ఈజిప్టు విగ్రహాల మధ్యనుంచి పరుగెత్తి గుమ్మటం మీదికి ఎక్కుతాడు. ట్రేసీగా వేసిన డొనాల్డ్ కాల్త్రాప్ ఎంత నీచంగా మొదలై ఎంత జాలి పుట్టిస్తాడో! మ్యూజియంలో షూటింగుకి వెలుతురు చాలదు. అందుకని అరగంటసేపు లెన్సు తెరిచి ఉంచి తొమ్మిది ఫోటోలు తీశారు. ‘మెట్రోపోలిస్’ తీసిన జర్మన్లు వాడిన షుఫ్తాన్ పద్ధతి ఇది. కెమెరా ముందు అద్దాన్ని ఏటవాలుగా నిలబెడతారు. అందులో ఫోటో ప్రతిఫలిస్తుంది. మనిషి కనపడాల్సిన చోట అద్దం వెనక పూత గీకేస్తారు. ఆ గీకిన కంతలోంచి, దూరాన సెట్టులో నిలబడ్డ నటుడు కనిపిస్తాడు. కెమెరాకి రెండూ ఒకటే. స్టూడియో పెద్దలకి ఈ పద్ధతి మీద నమ్మకం లేదు. వాళ్ళకి చెప్పకుండానే ఇదంతా చేశారట. ఎవరైనా వచ్చి అడిగితే చూపించడానికి పక్కన ఇంకో కెమెరా పెట్టి ఒక ఉత్తరాన్ని తీస్తున్నట్టు నటించేవారని హిచ్‌కాకే చెప్పాడు. అద్దం గీకిన ఆ చేతులకి దణ్ణం పెట్టాలి.

హిచ్‌కాక్ సినిమాల్లో ‘ది లాడ్జర్’ ఇంతకన్నా గొప్పదని వాదించే మిత్రులు నాకున్నారు. గాజు పలకల నేల మీద నడిచే ఆ పాదాల షాట్ నాకూ ఇష్టమే. అయినా నా ఓటు ‘బ్లాక్‌మెయిల్’కే. ఇందులో నేరం చేసింది మనకి ఇష్టమైన మనిషి, దాన్ని దాచింది ఆమెని ప్రేమించిన పోలీసు. ఆఖర్న వాళ్ళిద్దరూ తప్పించుకుంటారు గానీ ముఖాల్లో సంతోషం ఉండదు. ఆ బరువు ‘లాడ్జర్’లో లేదు.

ఇప్పటి థ్రిల్లర్లు చూస్తే కడుపు రగిలిపోతుంది. తలుపు తీస్తే ఢాం. పిల్లి దూకితే ఢాం. భయపడమని నేపథ్య సంగీతం చెవి పట్టుకుని చెబుతుంది. ప్రేక్షకుడికి ఊహించుకునే తీరికే ఇవ్వరు. నెత్తురు మాత్రం బకెట్లతో పోస్తారు. ఇదంతా చేసి పోస్టరు మీద హిచ్‌కాక్ పేరు వాడుకుంటారు. ఆయన దగ్గర తీసుకోవలసింది నిశ్శబ్దం. దాన్ని ఎవరూ తీసుకోరు.

పాత ప్రింట్లకి జరుగుతున్న ద్రోహం ఇంకొకటి. కొన్నేళ్ళ కిందట నేను కొన్న చవక డిస్కులో మనుషుల నెత్తులు కోసుకుపోయాయి. పక్కింటావిడ గొణుగుడు గరగరలో కలిసిపోయింది. ఆ సీనుకి ప్రాణమే ఆ గొణుగుడు! అది పోయాక మిగిలేదేముంది? మూకీకి ఏదో దొరికిన పియానో అతికించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. చెయ్యాలనుకుంటే ఎలా చెయ్యవచ్చో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ చూపించింది. మూకీ ప్రింటుని బాగుచేయించి, నీల్ బ్రాండ్ రాసిన సంగీతంతో, 2012 జులైలో బ్రిటిష్ మ్యూజియం ముందే ఆరుబయట ప్రదర్శించారు. ట్రేసీ పరుగెత్తిన ఆ మ్యూజియం ముందే!

మన ఫిల్మ్ క్లబ్బులవాళ్ళకీ, సినిమా పాఠాలు చెప్పేవాళ్ళకీ చేతులు జోడించి అడుగుతున్నాను. మంచి ప్రింటు తెప్పించి, మూకీని ఒక సాయంత్రం, టాకీని మర్నాడు వెయ్యండి. శబ్దం రాకముందు ఆ ఫలహారం సీను ఎలా ఉందో, వచ్చాక ఏమైందో పిల్లలు తమ కళ్ళతో, చెవులతో తెలుసుకుంటారు. ఇంట్లో చూసేవాళ్ళు ఫోను పక్కన పెట్టి, దీపాలార్పి చూడండి. పక్కింటావిడ గుమ్మంలోకి రాగానే సబ్‌టైటిల్స్ కూడా తీసెయ్యండి. ఆ సీనులో మీకు తెలియాల్సిన ఇంగ్లీషు మాట ఒక్కటే.