అర డాలరు లెక్క

పిల్లల పుస్తకం మీద పెద్దవాళ్ళు విమర్శ రాయడమేమిటని కొందరు మిత్రులు అనవచ్చు. లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన 'ఫార్మర్ బాయ్' విషయంలో నాకా సంకోచం లేదు. 1933లో అమెరికాలో వెలువడిన ఈ నవలలో పశువులు, పొలం పనులు, ఇంటి వంట తప్ప వేరే కథంటూ పెద్దగా లేదు. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చేసి బ్యాంకులో చేరి, సర్వీసులో చాలా భాగం హోసూరు, కృష్ణగిరి వైపు పాడి అప్పుల కాగితాలు చూసినవాణ్ణి. అందుచేత ఈ పుస్తకాన్ని కాస్త లెక్కల మనిషిగానే చదివాను. చదివితే అందులో ఒక లెక్క ఉంది. ఇంకో లెక్క ఉండీ లేనట్టుగా ఉంది. ఆ సంగతి చెప్పాలనే ఈ వ్యాసం.

కథాస్థలం న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తరాన, కెనడా సరిహద్దుకు దగ్గరగా ఉన్న మలోన్ పట్టణం పరిసరాలు. కాలం 1866. ఆల్మాంజోకు ఇంకా తొమ్మిదేళ్ళు నిండలేదు. అన్న రాయల్, అక్కలు ఎలైజా జేన్, ఆలిస్, వీడు కడపటివాడు. తర్వాతి కాలంలో రచయిత్రిని పెళ్ళాడినవాడు ఈ ఆల్మాంజోయే. అంటే ఇది భర్త చెప్పగా భార్య రాసిన బాల్యం. వాస్తవానికి ఆ ఇంట్లో ఆరుగురు పిల్లలు. ఇద్దరిని కథలోకి రానివ్వలేదు. నవల అన్నాక ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలి లెండి.

వాళ్ళ రోజు చీకటితోనే మొదలవుతుంది. లాంతరు పట్టుకుని కొట్టాలకు వెళ్ళడం, పేడ ఎత్తి కొత్త గడ్డి పరవడం, మేత వేయడం, పాలు పితకడం. బయట మంచు గడ్డకట్టి ఉంటుంది. ఇదంతా అయ్యాకే ఫలహారం. సాయంత్రం బడి నుంచి రాగానే మళ్ళీ అదే పని. ఆ తర్వాత రాత్రి భోజనం. ఈ పుస్తకంలో తిండి వర్ణనలు శ్రుతి మించాయని అనేవాళ్ళున్నారు. మాంసం, చిక్కుడు గింజలు, వెన్న వేసిన దుంపలు, రొట్టె, ఊరబెట్టిన కాయలు, ఆపైన గుమ్మడి పిండివంట అంటూ పేజీలు నడుస్తాయి. కాని చలిలో ఆ పనంతా చేసిన పిల్లవాడి ఆకలి ముందు పెట్టి, ఆ తర్వాతే రచయిత్రి పళ్ళెం చూపిస్తుంది. అది తిండిపోతు రాసిన జాబితా కాదు.

బల్ల దగ్గర ఒక వరస ఉంది. వడ్డించేది తండ్రి. అతిథికి ముందు, తర్వాత తల్లికి, ఆపైన పెద్దవాళ్ళ నుంచి కిందికి. అందరికన్నా చివర ఆల్మాంజో. అంతవరకు నోరెత్తకూడదు, పలకరిస్తేనే పలకాలి. వాడి నోట్లో నీళ్ళూరుతుంటే మనకూ ఊరుతాయి. మన ఇళ్ళల్లో పిల్లలకు ముందు పెట్టేస్తాం, వండిన ఆవిడ మాత్రం గిన్నెలు గీరుకుని చివర తింటుంది. ఆ ఇంట్లో తల్లి రెండో పళ్ళెం అందుకుంటుంది. నేను ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాను.

ఇల్లాలి ఒడుపు తెలిసే చోట్లు చాలా ఉన్నాయి. ఆమె డోనట్లు మెలిపెట్టి కాగిన కొవ్వులో వేస్తుంది. అవి వాటంతటవే బోర్లా తిరుగుతాయి. మధ్యలో చిల్లు పెట్టే కొత్త పద్ధతి ఆమెకు నచ్చదు, వాటిని తిప్పుతూ కూచోవాలని. మన గారెకు చిల్లుంది, తిప్పకా తప్పదు. మన అమ్మల తీరిక గురించి ఆవిడ ఏమనేదో! ఇంకొకచోట పిల్లవాడు కనిపెట్టిన విచిత్రం: గ్లాసు నిండా పాలు, ఇంకో గ్లాసు నిండా పేలాలు తీసుకుని, ఒక్కొక్క పేలం పాలలో వేస్తూ పోతే అన్నీ పడతాయి, పాలు మాత్రం పొర్లవు. మా ఇంట్లో చేసి చూశాం.

మన పాఠకుల్లో కొందరికి ముద్ద దిగని అధ్యాయం కూడా ఉంది. శీతాకాలం ముంగిట పందుల్ని, ఒక ఎద్దుదూడని కోస్తారు. పితికే ఆవు, కాడి కట్టే దూడలు ఉన్న ఇంట్లోనే ఇదీ జరుగుతుంది. రచయిత్రి దీన్ని దాచదు, సాగదీయదు. మాంసం చలికే గడ్డకట్టి నిలవ ఉంటుంది, కొవ్వు కొవ్వొత్తులవుతుంది, తోలు ఊరూరా తిరిగే చెప్పులు కుట్టేవాడి చేతికి పోయి బూట్లవుతుంది. కొట్టం నుంచి బయటికి వృథాగా పోయేది ఏదీ లేదు. నచ్చినా నచ్చకపోయినా ఇది ఆ జీవితంలో భాగం. అనువదించేవారెవరైనా ఉంటే దీన్ని వదలకూడదు.

ఇక లెక్కకు వద్దాం. జులై 4న, స్వాతంత్ర్య దినోత్సవం నాడు, నిమ్మరసానికి అయిదు సెంట్లు మీ నాన్ననడగరా చూద్దామని కజిన్ ఒకడు రెచ్చగొడతాడు. అడిగితే తండ్రి వెంటనే ఇవ్వడు. బంగాళాదుంపలు ఎలా పండిస్తామో చెప్పమంటాడు. ఎరువు, దున్నకం, విత్తు, కలుపు, తవ్వకం, నిలవ, బజారుకు తోలడం అన్నీ కొడుకు చేతే చెప్పిస్తాడు. అర బుషెల్‌కు వచ్చేది అర డాలరు. ఆ కష్టమంతా ఈ నాణెంలో ఉందని చెప్పి, అర డాలరే చేతిలో పెడతాడు. నిమ్మరసం తాగుతావో, పందిపిల్లను కొని పెంచుకుంటావో నీ ఇష్టం అంటాడు. వాడు పందిపిల్లను ఎంచుకుంటాడు. డబ్బంటే ఏమిటో ఇంతకన్నా తేలిగ్గా చెప్పిన పుస్తకం మా కామర్స్ చదువులో నాకు తగల్లేదు.

మూడు అధ్యాయాలయ్యాక న్యూయార్క్ నగరం నుంచి వెన్న కొనేవాడు వస్తాడు. పొడుగాటి ఉక్కు గొట్టం తొట్టిలోకి గుచ్చి పైనుంచి అడుగుదాకా వెన్న తీసి చూస్తాడు. ఎక్కడా వంక దొరకదు. పౌనుకు అర డాలరు ఇస్తానంటాడు. అయిదు వందల పౌన్లు. రెండు వందల యాభై డాలర్లు. తల్లి ఆ సొమ్ము ఇంట్లో రాత్రి ఉంచడానికి భయపడి తిన్నగా బ్యాంకుకు పోతుంది.

మళ్ళీ అర డాలరే, గమనించారా? అర బుషెల్ దుంపలంటే సుమారు పద్నాలుగు కిలోలు. పౌను వెన్న అర కిలోకు తక్కువ. రెండింటికీ ఒకటే నాణెం. ఆ అర కిలో వెన్నకు తొమ్మిది పది లీటర్ల పాలు కావాలి. అయిదు వందల పౌన్లకు దాదాపు అయిదు వేల లీటర్లు. మనం పెరుగు చిలుకుతాం, వాళ్ళు మీగడ తేర్చి చిలుకుతారు. పళ్ళేలు కడగడం, మీగడ తీయడం, చిలకడం, నీళ్ళు పిండడం, తొట్లకెత్తడం ఎక్కడైనా రోజూ చేయాల్సిన పనే. దుంపల నాణెంలో ఏముందో తండ్రి కొడుకుని కూచోబెట్టి చెప్పాడు. వెన్న నాణెంలో ఏముందో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఇది నాకు కొత్త కాదు. మా వైపు పాడి ఆవు అప్పు దరఖాస్తులో వృత్తి అనే గడి ఉండేది. మగాయనకు 'వ్యవసాయం', ఆడామెకు 'గృహిణి'. ఒకామె ఆ గడి చదివించుకుని, "పాలు పితికేది, పేడ తీసేది, సొసైటీకి పోసేది నేను. మా ఆయన సంతకం మాత్రం పెడతాడు సార్. నన్ను ఊరకుండేదాన్నని రాసినారా?" అని అడిగింది. ఫారం మార్చడం మా చేతిలో లేదు. పాలడబ్బు ఆమె ఖాతాలోనే పడేట్టు మాత్రం చేయగలిగాను.

రచయిత్రికి ఈ లెక్క తెలియదని నేననుకోను. నవలలు రాయకముందు ఆమె మిసోరి రాష్ట్రంలో వ్యవసాయ పత్రికకు వ్యాసాలు రాసింది, కోళ్ళు పెంచింది, మాన్స్‌ఫీల్డ్ ఊళ్ళో రైతుల అప్పుల సంఘానికి కార్యదర్శిగా, కోశాధికారిగా ఏళ్ళ తరబడి పనిచేసింది. ఒక విధంగా మా డిపార్టుమెంటు మనిషే. రెండు చోట్లా అర డాలరు అని రాసిన చేయి ఊరికే రాయలేదని నా నమ్మకం. అయినా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టలేదు. పిల్లల పుస్తకమని ఊరుకుందో, భర్త జ్ఞాపకం కాబట్టి ఊరుకుందో! ఆ మౌనం పుస్తకానికి లోటే.

ఇంకొక లోటు కూడా ఉంది. ఈ దేశాన్ని ఇంతటిది చేసింది రైతులేనని అదే పండగనాడు తండ్రి గర్వంగా చెబుతాడు. అంతకుముందు ఆ నేల ఎవరిదన్న సంగతి ఒక్క మాటతో దాటిపోతుంది. మలోన్ ఉన్న ఆ ఫ్రాంక్లిన్ కౌంటీలోనే మొహాక్ ప్రజల నివాసం ఉంది. అడవి గుడిసెల్లో ఉండి వీళ్ళ పనికొచ్చే ఫ్రెంచి కూలీల పళ్ళెంలో ఏముంటుందో కూడా మనకు తెలియదు.

మరి ఇంత తిండి ఎందుకు రాసింది? ఆమె సొంత బాల్యం చూస్తే అర్థమవుతుంది. 1940లో వచ్చిన 'ది లాంగ్ వింటర్' 1880-81 నాటి డకోటా చలికాలపు కథ. రైళ్ళు ఆగిపోయి, ఆమె కుటుంబం కాఫీ మరలో గోధుమలు విసురుకుని ఆ రొట్టెతో నెలలు గడుపుతుంది. అదే ఊళ్ళో ఆల్మాంజో విత్తనపు గోధుమలు గోడ వెనక దాచి, అన్నతో కలిసి పాన్‌కేకులు తింటుంటాడు. ఆకలి తెలిసిన ఆడమనిషి, కడుపు నిండిన పిల్లవాడి జ్ఞాపకాలు విని రాసింది. అందులోనూ రాసిన కాలం ఆర్థిక మాంద్యం. పుట్టిన ఊరు వదిలి వందల మైళ్ళ దూరంలో ముసలివాడైన మనిషికి పొలం సరిహద్దులకన్నా పళ్ళెంలో వడ్డన బాగా గుర్తుంటుంది. అవ్వల కాలంలో ఊరు వదిలొచ్చిన మన ఇళ్ళల్లో ఏ కూర పేరు మారలేదో చూసుకుంటే ఇది మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నవల చివర బండిచక్రాలు చేసే ఆయన ఆల్మాంజోను పనిలోకి తీసుకుంటానంటాడు. తల్లికి ఒళ్ళు మండుతుంది. దుకాణం పెట్టినవాడు ప్రతివాడి దయకూ కాచుకోవాలి, రైతు ఎవరి మీదా ఆధారపడడు అని ఆమె వాదన. వాడు రైతునే అవుతానని గుర్రప్పిల్లను అడిగి తెచ్చుకుంటాడు. ఆ వాడే డకోటాలో రైతయ్యాక ఏమయిందో 'ది ఫస్ట్ ఫోర్ ఇయర్స్' చెబుతుంది. రచయిత్రి 1957లో పోయాక, 1971లో అచ్చయిన చిన్న పుస్తకం అది. వడగళ్ళు, ఎండలు, తాకట్లు. పెళ్ళినాటికే ఇంటి మీద అయిదు వందల డాలర్ల అప్పు ఉంది. ఆ సంగతి ఆమెకు కాపురానికి వచ్చాక గాని తెలియలేదు.