తిరగబడిన వలయం

ఫార్మసీ పిల్లలకు డాకింగ్ నేర్పేటప్పుడు నేను మొదట వాళ్ల చేతికిచ్చే అణువు మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మాత్రగా చాలా ఇళ్లలో తెలిసిన మందే. దాని చరిత్రలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉంటూనే దాని పనికి అడ్డుపడే అణువులను తయారుచేసింది. వాటిలో ఒకటైన, మెథోట్రెక్సేట్‌కు దగ్గరి బంధువైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. 1948 జూన్‌లో ఆ ఫలితం అచ్చయింది, ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందు ఒంట్లో ఏ ప్రొటీన్‌ను పట్టుకుంటోందో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఇప్పుడు తెలుసు. దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. ఆ ప్రొటీన్‌తో మెథోట్రెక్సేట్ కలిసి ఉన్న స్ఫటిక నిర్మాణం ప్రొటీన్ డేటా బ్యాంకులో 4డీఎఫ్ఆర్ అనే ఫైలుగా ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. డాకింగ్ అంటే ఇలాంటి ప్రొటీన్ పాకెట్‌లో ఒక చిన్న అణువు ఎటు తిరిగి, ఎలా వంగి కూర్చుంటుందో కంప్యూటర్ చేత లెక్కలేనన్ని పోజుల్లో ప్రయత్నింపజేసి, ఒక్కోదానికి మార్కు వేయించడం. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇర్విన్ కుంట్జ్ బృందం 1982లో దీనికి దారి వేసింది. ఇప్పుడు ఆటోడాక్ వినా లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో మామూలు ల్యాప్‌టాప్ మీద టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

ముందు ఫోలిక్ యాసిడ్‌నూ మెథోట్రెక్సేట్‌నూ కాగితం మీద పక్కపక్కన గీయిస్తాను. తేడా రెండే చోట్ల. వలయం మీద నాలుగో స్థానంలో ఆక్సిజన్‌కు బదులు అమైనో సమూహం, పదో స్థానంలోని నైట్రోజన్ మీద అదనంగా ఒక మిథైల్. మిగతాదంతా ఒకటే. రెండూ ఒకే పాకెట్‌లో ఎలా కూర్చుంటాయని అడిగితే క్లాసంతా ఒకే జవాబు: ‘ఒకేలా’. నిజానికి మెథోట్రెక్సేట్ వలయం ఫోలేట్ వలయంతో పోలిస్తే 180 డిగ్రీలు తిరగబడి ఉంటుంది. 1970ల చివర్లో జోసెఫ్ క్రౌట్ బృందం మెథోట్రెక్సేట్ స్ఫటికాన్ని పరిశీలించినప్పుడే ఈ సంగతి పట్టుబడింది. ఫోలేట్ కూడా అలాగే కూర్చునేటట్టయితే ఎంజైమ్ హైడ్రోజన్‌ను వలయానికి ఒక వైపు నుంచి అందించాలి, తయారయ్యే పదార్థంలో అది రెండో వైపున ఉంది. అంటే ఫోలేట్ అలా కూర్చోవడం లేదు. తర్వాత ఫోలేట్‌తో తీసిన స్ఫటికాలూ అదే చూపించాయి. పోలిక చూసి పోజు చెప్పకూడదని నేను గంటసేపు చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క ఉదాహరణతో ఎక్కుతుంది.

ఇక అసలు పని. మామూలు స్ఫటిక నిర్మాణాల్లో హైడ్రోజన్లు కనబడవు. వాటిని మనమే పెట్టాలి, ఎక్కడ పెట్టాలో మనమే నిర్ణయించాలి. మెథోట్రెక్సేట్ ఒకటో స్థానంలోని నైట్రోజన్ ఆ పాకెట్‌లో ఒక ప్రోటాన్‌ను, అంటే అదనపు హైడ్రోజన్‌ను, మోస్తూ, ఇ. కోలై ఎంజైమ్‌లోని 27వ అమైనో ఆమ్లమైన ఆస్పార్టేట్‌కు ఎదురుగా ఉంటుంది. ఆ ఒక్క హైడ్రోజన్‌ను మరిచిపోతే వినా ఆ నైట్రోజన్‌ను ఇచ్చేదానిగా కాక పుచ్చుకునేదానిగా లెక్కేస్తుంది. ఎదురుగా ఉన్న ఆస్పార్టేట్ ఆక్సిజన్లూ పుచ్చుకునేవే. మందుకు ప్రాణమైన ఆ హైడ్రోజన్ బంధం లెక్కలోకే రాదు. ప్రోగ్రామ్ మాత్రం ఏ హెచ్చరికా ఇవ్వకుండా ఏదో ఒక మార్కు చూపిస్తుంది.

నీళ్ల సంగతీ అంతే. చాలామంది ఫైలు తెరవగానే నీటి అణువులన్నిటినీ ఒక్క క్లిక్కుతో తీసేస్తారు. హెచ్ఐవీ ప్రోటియేజ్‌లో రెండు రెప్పల్లాంటి భాగాలకూ మందు అణువుకూ మధ్య ఒక నీటి అణువు వంతెనలా నిలిచి ఉంటుంది. డ్యూపాంట్ మెర్క్ శాస్త్రవేత్తలు దాన్ని చెత్తలో వేయలేదు. ఆ నీటి ఆక్సిజన్ ఉన్నచోటే తమ అణువులోని ఆక్సిజన్ వచ్చేలా సైక్లిక్ యూరియాలను రూపొందించి 1994లో ప్రకటించారు. ఏ నీటిని ఉంచాలి, ఏది తీయాలి అని కూర్చుని చూసే ఆ కాసేపే ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సమయం.

‘మేడమ్, మైనస్ 9.4 వచ్చింది, పాత మందుకు మైనస్ 8.9యే’ అని సంబరంగా పరిగెత్తుకొస్తారు పిల్లలు. ఆ మార్కులు మోల్‌కు కిలోకెలరీల్లో ఉంటాయి, మైనస్ ఎంత పెద్దదైతే పట్టు అంత గట్టిదని లెక్క. వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకూ బాధే. గది ఉష్ణోగ్రతలో మోల్‌కు 1.4 కిలోకెలరీల తేడా అంటే పట్టులో పది రెట్ల తేడా. ఈ ప్రోగ్రాముల సగటు తప్పే 2 కిలోకెలరీల పైన ఉంటుంది, అంటే దాదాపు 30 రెట్లు. అందులో అర కిలోకెలరీ ఆధిక్యం దేనికీ సాక్ష్యం కాదు. 2020లో కరోనా వైరస్ ప్రధాన ప్రోటియేజ్ నిర్మాణం బయటికి రాగానే ఇలాంటి మార్కుల పట్టికలతో వ్యాసాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. ఆ నిర్మాణం ఉన్న 6ఎల్‌యూ7 ఫైలులోని అణువు 145వ సిస్టీన్‌తో రసాయన బంధమే వేసుకుంది. మామూలు డాకింగ్ అలాంటి బంధాన్ని లెక్కే కట్టదు. ఆక్సిజన్ పడకల కోసం జనం పరుగులు పెట్టిన రోజుల్లో వంటింటి దినుసుల పేర్లు ఆ పట్టికల మీదుగా వాట్సాప్‌లోకి ఎక్కడం చూసి నాకు చాలా కష్టం కలిగింది.

సరిగ్గా చేస్తే ఈ విద్య ఏం చేయగలదో 2019లో శాస్త్రవేత్త బ్రయాన్ షోయికెట్, ఆయన సహచరులు చూపించారు. డోపమైన్ డీ4 గ్రాహకానికి 13.8 కోట్ల అణువులను డాక్ చేసి, 549 అణువులను నిజంగా తయారుచేయించి పరీక్షించారు. మంచి మార్కులు వచ్చినవాటితో ఆగలేదు. నడిమివాటినీ, అట్టడుగువాటినీ కూడా పరీక్షకు పెట్టారు. మార్కు దిగజారేకొద్దీ పనిచేసే అణువుల శాతం కూడా తగ్గిందని తేలింది. మార్కును ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలిగింది ఆ అడుగువాటిని కూడా కొలిచినందుకే.

మన ఎం.ఫార్మసీ కాలేజీలకు వందల అణువులు తయారుచేసే స్తోమత లేదు, నిజమే. కానీ పదింటిని డాక్ చేసి పైనున్న రెండింటినే ప్రయోగానికి పంపేచోట, అడుగున ఉన్న ఒకదాన్ని కూడా పంపవచ్చు కదా. ఉంచిన నీళ్లేవో, ప్రోటాన్లు ఎక్కడెక్కడ పెట్టారో, స్ఫటికంలోని అసలు అణువును తీసి మళ్లీ డాక్ చేస్తే 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు వచ్చిందో లేదో థీసిస్ మొదటి పట్టికలోనే రాయించాలి. ఆ అడుగు అణువు ఫలితాన్నీ దాని పక్కనే వేయించాలి. దానికయ్యే రసాయనాల ఖర్చు పిల్లల జేబులోంచి కాదు, డిపార్ట్‌మెంట్ నిధుల్లోంచి రావాలి.