గాలి తీస్తేనే కదిలే బండి

దుబాయి నుంచి హత్తా వెళ్లే రోడ్డు మీద, షార్జా పరిధిలోని అల్ బదాయెర్ దగ్గర, ఎర్రటి ఇసుక కొండ ఒకటి పక్కనే లేచి నిలబడుతుంది. అందరూ దాన్ని ‘బిగ్ రెడ్’ అంటారు. చలికాలం సెలవురోజు పొద్దున్నే అక్కడికి వెళ్తే ముందు చెవిన పడేది ఇంజన్ల రొద కాదు, బుస్సుమనే చప్పుడు. నిస్సాన్ పెట్రోళ్లు, ల్యాండ్ క్రూజర్లు, రాంగ్లర్లు వరసగా నిలబెట్టి, జనం వాటి పక్కన గొంతుక్కూర్చుని టైర్లలో గాలి తీసేస్తుంటారు. మన ఊళ్లో ఎవరి బండికైనా గాలి తీశారంటే అది పగ. ఇక్కడ అదే మొదటి పాఠం.

రోడ్డు మీద 35 పీఎస్ఐ దాకా ఉండే గాలిని ఇసుకలోకి దిగేముందు 15కో, బండిని బట్టి 12కో దించుతారు. కొత్తవాళ్లకి నమ్మబుద్ధి కాదు. నాకూ కాలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు “20 ఉంచుకుంటే చాలదా అన్నా?” అని అడిగాను. మమ్మల్ని ముందుండి నడిపిన పెద్దాయనది జగిత్యాల దగ్గర పల్లె, ముప్పై ఏళ్లుగా గ్యారేజీ పని. ఆయన వాదించలేదు. డిక్కీలోంచి పార తీసి నా చేతికిచ్చాడు. “ఇరవైతోనే పోదువు తియ్యి తమ్మీ, ఇది గిట్ల దగ్గర వెట్టుకో” అన్నాడు. పది నిమిషాల్లో దానితో పని పడింది.

లెక్క సులువే. టైరు నేలను నొక్కే ఒత్తిడి, దాని లోపలి గాలి ఒత్తిడికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గాలి సగమైతే అదే బరువు మోయడానికి దాదాపు రెట్టింపు జాగా కావాలి, టైరు అంతమేరా పరుచుకుంటుంది. పక్కలకి ఉబ్బడం కంటికి కనిపిస్తుంది గానీ అసలు పెరిగేది పొడవు. నేలకానిన భాగం పొక్లెయిన్ చైనులా సాగి, ఇసుకను తవ్వడం మానేసి దాని మీద నడుస్తుంది. ఒంటె పాదం చేసేదీ ఇదే. రెండే వేళ్లు, అడుగున మెత్తటి దిండు, బరువు పడగానే విచ్చుకుంటుంది. గుర్రం గిట్ట దిగబడిన చోట ఒంటె నింపాదిగా నడిచిపోతుంది.

మోటారుకి ఆ నడక నేర్పినవాళ్లలో రాల్ఫ్ బాగ్నోల్డ్ పేరు ముందు చెప్పుకోవాలి. 1920లలో ఈజిప్టులో పనిచేసిన బ్రిటిష్ సైనికాధికారి. సెలవులు దొరికితే స్నేహితులతో ఫోర్డు కార్లు వేసుకుని లిబియా ఎడారి వైపు పోయేవాడు, కార్లు దాటలేవని అంతా వదిలేసిన ఇసుక సముద్రంలోకి. టైర్లలో గాలి తగ్గించడం, కూరుకున్న చక్రాల కింద ఉక్కు పట్టీలు పరవడం, ఇనుప బండిలో దిక్సూచి తప్పుతుంది కాబట్టి సూర్యుడి నీడను బట్టి దిక్కు పట్టడం, ఇవన్నీ ఆ సెలవుల్లోనే సానబట్టాడు. 1940లో ఆ అనుభవంతోనే లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే సైనిక దళాన్ని కట్టాడు. గాలికి ఇసుక ఎలా ఎగిరి ఎలా మేటవేస్తుందో ప్రయోగాలు చేసి 1941లో వేసిన పుస్తకాన్ని అంగారకుడి మీది తిన్నెలను చదివేవాళ్లు కూడా తిరగేస్తారు. ఇవాళ బళ్ల టాపుల మీద కట్టి కనిపించే రంగురంగుల ప్లాస్టిక్ పట్టీలు ఆయన ఉక్కు పట్టీల మనవలే.

గల్ఫ్ అరబ్బులు ఎడారికి పోవడాన్ని ‘బర్ర్’కి పోవడం అంటారు. తిన్నెలెక్కించే ఆటకి సౌదీ, కువైట్ వైపు ‘తత్ఈస్’ అని పేరు. పర్యాటకులకి అమ్మే మాట వేరు, ‘డ్యూన్ బాషింగ్’. ఆ మాట నాకెప్పుడూ మింగుడుపడలేదు. ఇసుకను బాదాలని బయలుదేరినవాడు ఎంతో దూరం పోడు.

బండి ఎక్కించే ముందు ఇసుకను చదవడం రావాలి. తిన్నెకి రెండు ముఖాలు. గాలి తగిలే వైపు వాలు తక్కువ, పది పదిహేను డిగ్రీలుంటుంది. గాలి తొక్కీ తొక్కీ దాన్ని గట్టిపరుస్తుంది, సన్నటి అలల గీతలు కనిపిస్తాయి. ఎక్కాల్సింది ఇటు నుంచి. రెండోది జారుడు ముఖం. పైనుంచి రాలిన ఇసుక అక్కడ 32, 34 డిగ్రీల వాలు దగ్గర నిలుస్తుంది, పొడి ఇసుక అంతకన్నా నిటారుగా నిలవదు. కళ్లంలో ధాన్యం కుమ్మరిస్తే కుప్ప ఎంత పోసినా ఒక వాలు దగ్గరే ఆగి, మిగతాది పక్కలకి జారినట్టే. ఈ ముఖం నునుపుగా, అందంగా ఉంటుంది, అడుగు పెడితే మోకాలి దాకా పోతుంది. దీని మీంచి దిగడమే తప్ప ఎక్కడం కొత్తవాడి పని కాదు. గల్ఫ్‌లో ఎక్కువగా వీచేది వాయవ్యపు గాలి, ‘శమాల్’. అందుకని చాలాచోట్ల జారుడు ముఖం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. అయినా నమ్మకం పెట్టుకోకూడదు. రెండు రోజులు గాలి దిక్కు మారితే కొస అటుది ఇటవుతుంది, పోయినవారం దాటిన మెత్తటి మిట్ట ఇవాళ కత్తి అంచై ఉంటుంది.

వేళను బట్టి కూడా ఇసుక మారుతుంది. చలికాలపు తెల్లవారుజామున మంచు తడికి గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, నేల గట్టిగా పలుకుతుంది. ఎండెక్కేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. మిట్టమధ్యాహ్నం ఇంకో చిక్కు, నీడలుండవు. నీడ లేకపోతే గుంటేదో గుట్టేదో తెలియదు, కళ్లముందు అంతా ఒకే దుప్పటి పరిచినట్టుంటుంది. పెద్ద ప్రమాదాలు చాలావరకు ఆ దుప్పటిలో దాక్కున్న గుంటల్లోనే. తిన్నెల మధ్య పళ్లెంలా చదునుగా, తెల్లటి ఉప్పుపొరతో మెరిసే నేల కనిపిస్తే అది ‘సబ్ఖా’. పైన అప్పడం, కింద బురద. ఇసుకలో కూరుకుంటే గంటలో బయటపడొచ్చు, సబ్ఖాలో దిగబడితే ఆ రోజు అయిపోయినట్టే.

ఇక అసలు విద్య శిఖరం దగ్గర ఉంది. వాలు మొదట్లోనే వేగం కూడగట్టుకోవాలి, సగం ఎక్కాక ఎంత తొక్కినా చక్రాలు తవ్వుకోవడమే. నిటారుగా, సూటిగా ఎక్కాలి. అంతవరకు ఎవరైనా చేస్తారు. శిఖరం ఇంకో బండి పొడవు ఉందనగా బానెట్ తప్ప ఏమీ కనిపించదు. ముందర ఆకాశం. అవతల ఏముందో తెలియదు. జారుడు వాలు ఉండొచ్చు, అటునుంచి ఎక్కుతున్న ఇంకో బండి ఉండొచ్చు, కునుకు తీస్తున్న ఒంటె ఉండొచ్చు. సరిగ్గా అక్కడ ఎక్స్‌లేటర్ మీంచి కాలు తీసేయాలి. ముందే తీస్తే చేరవు. ఆలస్యమైతే బండి గాల్లోకి లేచి ముక్కు మీద పడుతుంది. బంపరు పోతే పోయింది, వెన్నుపూస కూడా పోవచ్చు. సరిగ్గా తీస్తే మిగిలిన ఊపుతో బండి మెల్లగా అంచు మీదికొచ్చి, తల వంచి కిందికి చూస్తుంది. అర సెకను తేడా. పుస్తకం చదివితే రాదు, పక్క సీట్లో కూర్చుని ఇంకొకరి పాదం చూస్తే కొంత వస్తుంది, మిగతాది నడుము కింద సీటు చెబుతుంది. మరీ నెమ్మదిగా వెళ్తే బండి కడుపు అంచు మీద ఆని తక్కెడలా ఊగుతుంది. అది నవ్వులాటే గానీ ప్రమాదం కాదు.

మరి సగంలో ఊపు అయిపోతే? తిప్పుకోవద్దు. ఈ ఒక్కటి గుండెల మీద రాసుకోవాలి. వాలు మీద బండి అడ్డం తిరిగిందంటే దొర్లడానికి సిద్ధమైనట్టే. రివర్స్ గేరేసి, ఎక్కిన జాడల్లోనే సూటిగా వెనక్కి దిగడం తప్ప మరో దారి లేదు. న్యూట్రల్లో జారనివ్వకూడదు. దిగేటప్పుడూ అంతే. ముక్కు సూటిగా కిందికి పెట్టి, చిన్న గేర్లో, ఇంజనే పట్టి ఉంచేలా. భయమేసి బ్రేకు బిగించామా, వెనక భాగం పక్కకి కొట్టుకొస్తుంది. అప్పుడు నిలబెట్టేది ఎక్స్‌లేటరే: కొద్దిగా తొక్కితే బండి తిరిగి నిటారవుతుంది. పక్కవాలు మీద పోతూ జారుతున్నట్టనిపిస్తే స్టీరింగ్ కిందికి తిప్పాలి. చేతులు మాత్రం పైకి తిప్పమంటాయి. రోడ్డు మీద పదేళ్లు నేర్చుకున్నదంతా ఆ క్షణంలో మన మీదే తిరగబడుతుంది. పాత డ్రైవర్ల కన్నా నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకున్న పిల్లలు ఇసుక తొందరగా నేర్చుకోవడం అందుకేనని నా అనుమానం.

బ్రేకు మాటే ఇంకొంచెం. ఇసుకలో బండిని ఆపడానికి బ్రేకు అక్కర్లేదు, కాలు తీస్తే ఇసుకే పట్టుకుంటుంది. బ్రేకు వేస్తే ప్రతి టైరు ముందూ చిన్న గోడ కట్టినట్టు ఇసుక పోగవుతుంది, మళ్లీ కదలాలంటే ఆ గోడలెక్కాలి. ఆపేటప్పుడు ముందు వాలుండేలా ఆపుకుంటే బయలుదేరడం తేలిక. చక్రం తిరిగిపోకుండా చూసే ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉంటే ముందే ఆపేయాలి. అది రోడ్డు మీద ప్రాణదాత, ఇక్కడ సరిగ్గా ఊపు కావాల్సినప్పుడే ఇంజన్ గొంతు నొక్కుతుంది. బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి పోనివ్వకూడదు; చక్రం ఏ మొద్దుకో తగిలి గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది. ఇంత తక్కువ గాలితో వేగంగా మలుపు కోస్తే టైరు రిమ్ము మీంచి ఊడొస్తుంది కూడా.

కూరుకుపోవడం తప్పు కాదు, అందరికీ అవుతుంది. తప్పంతా ఆ తర్వాతి అర నిమిషంలో జరుగుతుంది. నేను ఇరవై పీఎస్ఐతో మొదటి గుంటలో దిగబడగానే చేసింది ఎక్స్‌లేటర్ అదిమి తొక్కడం. రేడియోలో పెద్దాయన గొంతు: “రేస్ ఇయ్యకు తమ్మీ, ఇంకింత లోపలికి వోతది. కాలు తియ్యి. దిగి చూడు, ఎట్ల కూసున్నదో.” దిగి చూస్తే చాసిస్ నేలకానింది. పారతో టైర్ల ముందూ వెనకా, కడుపు కింద ఇసుక తోడాను. గాలి పదికి దించాం. ముందుకి కాదు, వచ్చిన జాడల్లోకే వెనక్కి. మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపితే ఒక్కో ఊపుకి జానెడు దారి దొరికింది. వాగులో ఇసుక ట్రాక్టరు దిగబడితే మనవాళ్లు చేసేదీ దాదాపు ఇదే, కాకపోతే అక్కడ రొప్పుతూ తోసే పదిమంది ఉంటారు. తాడు కట్టి లాగాల్సి వస్తే కంపెనీ ఇచ్చిన అసలు కొక్కేనికే కట్టాలి, ట్రైలరు తగిలించే గుండుకి కాదు. ఆ గుండు విరిగితే తుపాకీ గుండే. తాడు బిగిసినంతసేపూ మనుషులు దూరంగా నిలబడాలి.

అందుకే ఒంటరిగా పోరు. రెండు బళ్లన్నా ఉండాలి. ఆర్నెల్లు తిరిగాక నాకర్థమైన మర్యాదలన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే: ముందువాడు శిఖరం దాటి పక్కకి తప్పుకున్నాకే వెనకవాడు ఎక్కాలి, ప్రతివాడూ తన వెనక బండిని అద్దంలో చూసుకుంటుండాలి, అది కనిపించకపోతే ఆగాలి. తిన్నె అవతలివాళ్లకి కనిపించేలా పొడవాటి కర్రకి జెండా ఉండాలి. నీళ్లు అవసరమనుకున్నదానికి రెట్టింపు. ఆట కాలం అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే. ఎండాకాలం చిన్న రిపేరు కూడా ప్రాణం మీదికొస్తుంది.

దక్షిణాన లివా దాటితే మొదలయ్యే రుబ్ అల్ ఖాలీ సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు. అంచున ఉన్న మొరీబ్ తిన్నె దాదాపు 300 మీటర్ల ఎత్తు, ఏటా శీతాకాలపు ఉత్సవంలో దాన్నెక్కే పందేలు జరుగుతాయి. కొత్తవాళ్లు కుర్చీ వేసుకుని చూడాల్సిన చోటు అది. కానీ ఈ ఇసుకంతా ఖాళీ స్థలం కాదు. గాఫ్ చెట్ల వేళ్లున్నాయి, ఉడుములాంటి ‘ధబ్’ బొరియలున్నాయి, కంచె వేసిన రక్షిత ప్రాంతాలున్నాయి. మన తూర్పు తీరపు బీచిల్లో థార్లు తిప్పాలని సరదాపడేవాళ్లకీ ఒక మాట: శీతాకాలం చివర ఆ ఇసుక కింద ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లుంటాయి, వాటికి ఫోర్ వీల్ డ్రైవ్ తెలియదు.

మనుషులూ ఉన్నారు. ఒకసారి లోతట్టున మా బళ్లు దారి వెతుక్కుంటుంటే ఒంటెల కాపరి ఒకాయన కర్రతో ఇటు రమ్మని సైగ చేశాడు. మేం గంటగా తప్పుతున్న మలుపు ఆయన చెప్పులేసుకుని రోజూ దాటేదే. మన జిల్లాల నుంచి కూడా డ్రైవరు పనో, ఇంటి పనో అని వచ్చి, ఇలాంటి ఎడారుల్లో గొర్రెలూ ఒంటెలూ కాసినవాళ్లు తక్కువేం కాదు. వాళ్లకి ఇది ఆట కాదు. పెద్దాయన దిగి ఆయనకి నీళ్ల సీసాల కేసు, రొట్టెలు ఇచ్చి, హిందీలో చాలాసేపు మాట్లాడాడు. తర్వాత దారంతా ఏమీ మాట్లాడలేదు.

సాయంత్రం రోడ్డంచుకి చేరాక కంప్రెసర్లు మోగడం మొదలవుతుంది. గాలి నింపకుండా తారు రోడ్డు మీద వేగంగా పోతే టైరు పక్కగోడలు వేడెక్కి పేలతాయి, కాబట్టి ఇక్కడ తొందరపడటానికి లేదు. పెద్దాయన బళ్లు లెక్కపెట్టుకుంటాడు: పొద్దున ఏడు, ఇప్పుడు ఏడు. నేను 35కి నింపుకుని బయలుదేరాను. మొదటి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. కాలు ఎక్స్‌లేటర్ మీంచి తీసి, బండి తనే ఆగుతుందని చూస్తూ కూర్చున్నాను.

ఆగలేదు. చివరి నిమిషంలో బ్రేకు గుర్తొచ్చింది.