గిడుగువారి పాఠం - మన పరిమితి

భాషను కాపాడడమంటే దాన్ని మారకుండా నిలపడమేనా? ఈ ప్రశ్నకు సమాధానం పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి కృషిలో ఉందని మా అభిప్రాయం. ఆయనను వ్యావహారిక భాషావాదిగా మాత్రమే చూడడం పరిపాటి. అది సగం సత్యమే.

పండితులు తప్పులని తోసిపుచ్చిన వాడుక రూపాలు పూర్వుల వచనంలోనే ఉన్నాయని ఆయన 'గద్యచింతామణి'లో చూపారు. మార్పును సమర్థించిన వ్యక్తే పాతదాన్ని శ్రద్ధగా సేకరించారు. సవరల నోట విన్న భాషను రాసుకుని 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. ఆయన దృష్టిలో రక్షణ అంటే బిగింపు కాదు, నమోదు.

అయితే తెలుగు విషయంలో ఆయన శిష్టజన వ్యవహారాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. ఆ పరిమితి ఇప్పుడు రాష్ట్రేతర తెలుగువారికి బాగా తెలుస్తోంది. హోసూరు వైపు పిల్లవాడు ఇంట్లో 'ఎర్రగడ్డ' అంటాడు. పుస్తకంలో 'ఉల్లిపాయ' ఉందని ఆ మాటను కొట్టివేస్తే, ఒకనాడు గ్రాంథికవాదులు చేసిన పనినే మనమూ చేసినట్లు. బోధనలో ఉన్న మేమూ ఇందుకు అతీతులం కాము.

అందరికీ అర్థమయ్యే రాతభాష అవసరమే. దాన్ని కాదనడం లేదు. కాని అది ఇంటిమాటకు తోడుగా రావాలి, దాని స్థానంలో కాదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినా అక్కడి తెలుగు ఆగిపోలేదు. బడిలో తప్పని ముద్రపడిన మాట మాత్రం ఒక తరంలోనే ఇంట్లోనూ ఆగిపోవచ్చు. ముందుగా వినవలసింది, రాసుకోవలసింది ఆ మాటనే.