ఆరో మెట్టు దాకా వచ్చేవి ఎన్ని?

దసరా దాటిందంటే ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడటం మొదలవుతుంది. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు నుంచి పిల్లాజెల్లాతో సహా బయల్దేరిన కుటుంబాల్లో కొన్ని తెలంగాణ పత్తిచేలకు, కొన్ని గుంటూరు మిరప కోతలకు పోతాయి. మరికొన్ని బెంగళూరులో భవనాల పనికి చేరతాయి. చాలామంది మళ్లీ ఊరి మొహం చూసేది ఉగాది అటూ ఇటూగానే. ఇక్కడి కథోలిక కుటుంబాల్లో ఎక్కువ భాగం దళితులవే, ఈ వలస వాళ్లకూ తప్పదు. అందుకే విశ్వాస నవీకరణ కోసం విచారణలో చిన్న బృందాలు పెడుతున్నామని ఎవరైనా అంటే, ఈ నేలమీద ముందు అడగాల్సింది ఒకటుంది: ఏ నెలల్లో?

ప్రపంచంలో బాగా పేరుపడ్డ ఇలాంటి కార్యక్రమం 'రెన్యూ'. అమెరికాలోని న్యూఆర్క్ అగ్రమేత్రాసనంలో 1970ల చివర మొదలైంది. ఆరేసి వారాల చొప్పున ఐదు విడతలు. ఒక విడత శరదృతువులో, తర్వాతిది తపఃకాలంలో చొప్పున నడిచి, రెండున్నరేళ్లలో ముగుస్తుంది. అక్కడి జీవితానికి ఆ క్యాలెండరు సరిగ్గా సరిపోయింది. దాన్నే తెచ్చి పశ్చిమ కర్నూలులో పెడితే? శరదృతువంటే పత్తితీతలు. తపఃకాలం ఫిబ్రవరి 4కూ మార్చి 10కీ మధ్య ఏదో ఒక బుధవారం విభూతితో మొదలవుతుంది, అంటే గుంటూరు జిల్లాలో మిరప కోతలు ముమ్మరంగా ఉండే రోజులు. రెండు కాలాల్లోనూ ఊళ్లో మిగిలేది ముసలివాళ్లే. హాజరు పడిపోయిందని జనం భక్తిని తప్పుపట్టడం అన్యాయం.

అమెరికా మేత్రాణులు 1986లో 'రెన్యూ'ను పరిశీలించి, మంచినీ లోపాన్నీ రెండింటినీ రాశారు. జనాన్ని దగ్గర చేస్తోందన్నారు. అయితే అనుభవాలు పంచుకోవడంలో పడి కథోలిక బోధన పలచబడుతోందని, దివ్యసంస్కారాలకు రావలసినంత చోటు రావడం లేదని హెచ్చరించారు. అంతకు ముందే, 1975లో, ఆరవ పౌలు పోపు చిన్న సమాజాలకు కొన్ని గీటురాళ్లు ఇచ్చారు. అవి దేవుని వాక్యంతో బతకాలి, స్థానిక శ్రీసభతోనూ కాపరులతోనూ కలిసి నడవాలి, రాజకీయ వర్గాల చేతికి చిక్కకూడదు, సువార్త తమకే దక్కిందనుకోకూడదు. ఆ చివరిది పల్లెల్లో ఎంత అవసరమో, ఒకే గేరిలో రెండు మూడు ప్రార్థన కూటాలను చూసినవాళ్లకు తెలుసు.

ఆసియాలో ఈ చిన్న బృందాల ఆలోచన వేరే దారి పట్టింది. 1990లో బాండుంగ్‌లో సమావేశమైన ఆసియా మేత్రాణుల సమాఖ్య, చిన్న సమాజాల సమాహారంగా ఉండే శ్రీసభను కోరుకుంది. బొంబాయిలో అప్పటికే ఇరుగుపొరుగు ఇళ్లతో చిన్న క్రైస్తవ సమాజాలు నడుస్తున్నాయి. ఈ సమాజాల చేతికి బాగా అందివచ్చిన పద్ధతి దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థ రూపొందించిన ఏడు మెట్ల సువిశేష పఠనం.

ఆ ఏడు మెట్లు చూడటానికి సాదాగానే ఉంటాయి. ప్రభువును పిలుచుకుంటారు, వచనం చదువుతారు. మూడో మెట్టులో ఎవరి మనసుకు తగిలిన మాటను వాళ్లు, ఒక్కొక్కటీ మూడేసి సార్లు, మధ్యలో ఆగుతూ పైకి పలుకుతారు. తర్వాత మౌనం. ఆపైన తనకు ఏం తగిలిందో ఎవరికి వాళ్లు చెబుతారు. ఎవరూ ప్రసంగించకూడదు, పక్కవాళ్ల మాటను ఖండించకూడదు. ఆరో మెట్టులో పని మాట్లాడుకుంటారు. ఏడోది సొంత మాటల్లో ప్రార్థన.

ఆడవాళ్ల అక్షరాస్యత బాగా తక్కువగా ఉన్న ఈ ప్రాంతానికి మూడో మెట్టు పెద్ద వరం. పుస్తకం పట్టుకోలేని ముసలమ్మకూ చెవిన పడ్డ మాట నోటికొస్తుంది. మత్తయి సువిశేషం ఇరవయ్యో అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథే తీసుకోండి. పొద్దు వాలేదాకా నిలబడ్డవాళ్లు 'మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదు' అని ఇచ్చిన జవాబు, ఆదోనిలో తెల్లారకముందే కూలి కోసం నిలబడే మనిషి నోట మూడుసార్లు వస్తే, దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఏ ఉపదేశి ప్రసంగమూ ఆ పని చేయలేదు. తెలుగూ కన్నడమూ కలగలిసిన ఇంటిమాటలో చెప్పుకోనిస్తే ఐదో మెట్టు మరింత తేలిక.

తడబడేది ఆరో మెట్టు దగ్గరే. ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా అని అక్కడ తేల్చాలి. వలస పోయే ఇంటి పిల్లవాణ్ని సీజనల్ హాస్టల్లో చేర్పించడానికి బడికి ఎవరు వెళ్తారు? జబ్బుపడ్డ మనిషికి తోడుగా కర్నూలు పెద్దాసుపత్రికి ఎవరు పోతారు? చాలా బృందాలు ఈ మెట్టును తొందరగా దాటేసి, పాట పాడి, టీ తాగి లేస్తాయి. ఇక్కడ పాత మరియదళం దగ్గర నేర్చుకోదగ్గది ఉంది. 1921లో డబ్లిన్‌లో పుట్టిన ఆ సంఘంలో పనిని ఇద్దరిద్దరికి అప్పగిస్తారు. మరుసటి వారం సమావేశంలో ఆ పని ఏమైందో నోటితో చెప్పాల్సిందే. కొత్త కార్యక్రమాల్లో ఈ కట్టుబాటు లేకపోవడం నిజమైన లోటు.

నిజానికి చేసిన పనిని ఇలా మదింపు చేసుకోవడం ఈ ఊళ్ల ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. ఇదే కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు పొదుపు మహిళలు 1990ల నుంచే దారి చూపించారు. పొదుపు సంఘాలకు పంచసూత్రాలున్నాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పులివ్వడం, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. సంఘం బాగుందో లేదో వాటితోనే తేలుతుంది. ఈ అలవాటున్న అక్కలకే ప్రార్థన బృందం పుస్తకం కూడా అప్పగిస్తే ముగింపు సభకు ఎంతమంది వచ్చారన్న లెక్కతో పని ఉండదు. ఫాదర్ రాని వారం కూడా కలిశారా, అనుకున్న పని చేశారా, ఆదివారం పూజకు కలిసి వెళ్లారా, గేరి బయటివాళ్లను పిలిచారా అన్నవి ఆ పుస్తకంలో కనిపించాలి.  ఇక్కడి పేద కుటుంబాలు సొంతంగా సంఘం నడుపుకోలేవనే అనుమానానికి చోటు లేదు.

ఇక క్యాలెండరు సంగతి. ఈ ప్రాంతంలో కొత్త బృందాలు మొదలుపెట్టడానికి అనువైన కాలం విత్తనాలు పడ్డాక, జూలై, ఆగస్టు సాయంత్రాలు. కుటుంబాలు ఊళ్లోనే ఉంటాయి, ఆగస్టు 15 మరియమాత పండుగ కూడా కలిసొస్తుంది. దసరా వచ్చేలోగా మెట్లు అలవాటవుతాయి. ఆ తర్వాత ఒకే మేస్త్రి వెంట ఒకే చోటికి పోయే నాలుగైదు కుటుంబాలు చేను గట్టున, గుడిసె ముందు అదే పద్ధతిలో కూర్చోవచ్చు. వాళ్ల చేతికి పఠనాల జాబితాతో పాటు వాళ్లు పోయే చోటికి దగ్గర్లోని విచారణ ఫోను నంబరు కూడా ఇచ్చి పంపాలి. ఈ రెండూ బయల్దేరేముందే అందేలా చూడాల్సిన బాధ్యత విచారణది.